డబ్బా మీద తేదీ దాటితే పారేయాల్సిందేనా?

ప్రశ్న (పటమట, విజయవాడ):
అటక మీద పైనాపిల్ ముక్కల డబ్బా ఒకటి, పుట్టగొడుగుల డబ్బా ఒకటి ఉన్నాయండి. రెండిటికీ ‘బెస్ట్ బిఫోర్’ దాటి రెండు నెలలైంది. పుట్టగొడుగుల డబ్బాకి పై అంచు దగ్గర సొట్ట కూడా ఉంది. వాడొచ్చా?

జవాబు:
‘బెస్ట్ బిఫోర్’ అనేది రుచి, రంగు తగ్గకుండా ఉండే గడువు. ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ అని ఉంటే మాత్రం దాటాక తినకూడదు. మీ విషయంలో తేదీ కన్నా సొట్టే ముఖ్యం. పక్క రేకు మీద చిన్నగా, నున్నగా ఉంటే ఫర్వాలేదు. అంచు మడత మీద పడితే సీలు వదులై సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పుట్టగొడుగుల్లో పులుపు ఉండదు కాబట్టి బొట్యులిజం (నరాలను చచ్చుబరిచి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు) విషం పుట్టొచ్చు, పుట్టినా రంగు, వాసన మారకపోవచ్చు. నాలిక మీద వేసి చూసే పని అసలు పెట్టుకోకండి. పారేయండి.

ఇంకో జవాబు (గుంటూరు):
పైనాపిల్‌కి పులుపు ఉంది కాబట్టి ఆ భయం తక్కువ. కాకపోతే ఆ పులుపే మెల్లగా రేకుని తినేస్తుంది, అందుకే ఇలాంటివి 12–18 నెలల్లో వాడేయాలి. మూత ఉబ్బినా, కారుతున్నా, తెరవగానే రసం చిమ్మినా వద్దు. అటక మీద మాత్రం పెట్టకండి బాబూ, మన ఎండలకి శ్లాబు కింద కాగిపోతాయి. 30 డిగ్రీలు దాటని చోటు చూడండి.

ప్రశ్న:
తెరిచాక మిగిలితే?

జవాబు:
డబ్బాలో ఉంచకుండా గాజు సీసాలోకో స్టీలు గిన్నెలోకో తీసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పైనాపిల్ 5–7 రోజులు, కూరగాయలైతే 3–4 రోజులే. ఉబ్బిన డబ్బాని తెరవకుండానే రెండు కవర్లలో చుట్టి ముడేసి చెత్తలో వేయండి, కుక్కలూ ఆవులూ మూతి పెట్టకుండా.