బర్నార్డ్ నక్షత్రానికి నాలుగు గ్రహాలు: బోర్డు మీద "ఉన్నాయి" అని రాయొచ్చా?

కోనసీమ_ఆకాశం:
సైన్స్ ఎగ్జిబిషన్ బోర్డుకి ఈ ఎర్ర మరుగుజ్జు (సూర్యుడి కన్నా బాగా చిన్నదీ, చల్లనిదీ) నక్షత్రాన్ని తీసుకున్నారు. దూరం 5.96 కాంతి సంవత్సరాలు. గ్రహాలు "ఉన్నాయి" అనాలా, "ఉండొచ్చు" అనాలా అన్నదే పేచీ. నేను "ఉన్నాయి" అంటాను. 2024లో చిలీలోని ఎస్ప్రెసో, అంటే వెలుగును బట్టి నక్షత్రం ఊపును కొలిచే పరికరం, 3.15 రోజులకోసారి తిరిగే గ్రహాన్ని పట్టి, మరో మూడింటి జాడ చెప్పింది. 2025లో హవాయిలోని అలాంటి పరికరమే మారూన్-ఎక్స్ మూడింటిని ఖాయం చేసింది, రెండింటి కొలతలూ కలిపితే నాలుగోదీ ఖాయమైంది.

లంక_మాస్టారు:
తొందరెందుకండీ? ఈ నక్షత్రం పేరు చెప్పి లోకం ఇప్పటికే రెండుసార్లు మోసపోయింది. 1963లో ఖగోళ శాస్త్రవేత్త వాన్ డి కాంప్, ఫొటోల్లో ఈ నక్షత్రం అటూ ఇటూ జరగడం చూసి, గురుడి కన్నా బరువైన గ్రహం ఉందన్నారు. తీరా చూస్తే 1949లో ఆయన వాడిన దుర్భిణి కటకం బిగింపు మార్చినప్పుడు వేరే నక్షత్రాలు కూడా అలాగే "జరిగాయి". 2018లో 233 రోజుల గ్రహం అన్నారు, 2021 కల్లా అదీ పోయింది. పిల్లల ముందు "ఉన్నాయి" అని రాసి, మళ్లీ చెరపాలా?

కోనసీమ_ఆకాశం:
మాస్టారూ, 233 ఎలా పుట్టిందో చూడండి. నక్షత్రం తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 145 రోజులు పడుతుంది, దాని మచ్చలూ కూడా తిరుగుతాయి. ఏటా కొన్ని నెలలు అది సూర్యుడి వైపు పడిపోయి కొలతల్లో ఖాళీ వస్తుంది. ఏడాదికోసారి వచ్చే ఆ ఖాళీ లయ 145తో కలిసి 233 దగ్గర దొంగ సంకేతం ఇచ్చింది. ఇప్పటి నాలుగు కాలాలూ 2.3 నుంచి 6.7 రోజుల లోపే, భ్రమణ కాలానికి చాలా దూరం. పైగా రెండు వేర్వేరు పరికరాలు. గ్రహాల లాగుడికి నక్షత్రం ఊగేది సెకనుకు అర మీటరు లోపు, గట్టు మీద నెమ్మదిగా నడిచే మనిషి వేగంలో సగం. అంత చిన్నదాన్ని ఇద్దరు విడివిడిగా పట్టారంటే నమ్మొచ్చు.

భీమవరం_ఫొటోలు:
గ్రహం అడ్డొచ్చినప్పుడు నక్షత్రం వెలుగు తగ్గడాన్ని మన 8 అంగుళాల దుర్భిణితో పట్టుకోవచ్చా అని ఎవరైనా అడుగుతారు. కుదరదు. ఆ గ్రహాలు మన చూపుకి అడ్డంగా రావు, అలా గ్రహాల్ని వెతికే టెస్ ఉపగ్రహానికీ దొరకలేదు. కానీ నక్షత్రం జరగడం మాత్రం మనమే కొలవొచ్చు: ఏడాదికి 10.4 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), దాదాపు సూటిగా ఉత్తరానికి. 1000 మి.మీ. ఫోకస్, 3.75 మైక్రాన్ల పిక్సెల్ అయితే ఏడాదికి 13 పిక్సెళ్లు.

మన నక్షత్రం 66 ఓఫియూకీ అనే నక్షత్రం పక్కన, డిగ్రీ లోపే ఉంటుంది. మే నడుమ రాత్రి రెండున్నరకి 78 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, కొబ్బరి చెట్లు అడ్డం రావు. ప్రకాశం 9.5 కనుక 10 సెకన్లవి 30 ఫొటోలు చాలు. నక్షత్రం మధ్య పిక్సెల్ నిండిపోతే కేంద్రం తప్పుతుంది, సమయం తగ్గించండి. ఏటా అదే నెలలో తీయండి: భూమి కక్ష్య వల్ల అటూ ఇటూ కలిపి 1.1 ఆర్క్ సెకన్ల ఊపు ఉంది, ఆరు నెలల తేడాతో తీస్తే అది కొలతలో కలిసిపోతుంది. ఎరుపు ఫిల్టర్ పెట్టండి. ఎర్ర నక్షత్రం వెలుగు గాలిలో నీలి నక్షత్రాల వెలుగంత వంగదు, పోలిక చెడుతుంది.

నర్సాపురం_తీరం:
ఇక్కడ అసలు చిక్కు మంచు. దుర్భిణిలోని చిన్న అద్దం మొదట మసకేస్తుంది, ఫొటోలో నక్షత్రం ఉబ్బుతుంది, అది ఫోకస్ తప్పనుకుని తిప్పుతూ కూర్చుంటారు. అద్దం వెనక 12 వోల్టుల హీటర్ పట్టీ మొదటి నుంచే వేసి ఉంచాలి. రొయ్యల చెరువుల దీపాలు సూటిగా పడని చోటు చూసుకోండి. ఉప్పుగాలి తగిలిన అద్దాన్ని పొడి గుడ్డతో తుడవద్దు, గీతలు పడతాయి.

లంక_మాస్టారు:
రెండు పరికరాల మాట ఒప్పుకుంటాను, "ఉన్నాయి" అని రాయండి. కానీ గ్రహాల బొమ్మలు కొలతకి గీయొద్దు. అవి అడ్డం రావు కనుక వ్యాసం తెలియదు. తెలిసింది భూమిలో 0.19 నుంచి 0.34 వంతు బరువు, అదీ కనీసం అంతే. "జీవం" అన్న మాట కూడా వద్దు, నాలుగూ మరీ వేడిగా ఉండేంత దగ్గర.

కోనసీమ_ఆకాశం:
సరేనండి. బొమ్మలు తీసేసి నాలుగు కాలాలూ, కనీస బరువులూ పట్టికగా వేద్దాం. పక్కన రెండేళ్ల ఫొటోలు ఒకదాని మీద ఒకటి.