పెద్ద డీఎన్ఏ పాలిమర్ ద్రావణంలో విడిపోవట్లేదు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

హెబ్బాళ_ల్యాబ్: నమస్కారం. బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. లాంబ్డా, టీ4 అనే రెండు వైరస్‌ల డీఎన్ఏలను కేపిలరీలో (వెంట్రుకంత సన్నటి గొట్టంలో) విడదీయాలి. లాంబ్డా పొడవు 48.5 కిలోబేస్‌లు (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు), టీ4ది దాదాపు 169. పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ (విద్యుత్ దిశ మారుస్తూ జెల్‌లో విడదీసే పద్ధతి) అయితే రాత్రంతా పడుతుంది. అందుకే హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ అనే పాలిమర్ ద్రావణం నింపి, ఓల్టేజీతో డీఎన్ఏను లాగి చూస్తున్నాను. రెండూ కలిసే వస్తున్నాయి. ఓల్టేజీ పెంచితే గ్రాఫ్‌లో సన్నటి పీకులు (ముళ్లలాంటి గీతలు) బోలెడు, ప్రతి రన్‌లో వేరే చోట. గైడ్‌తో మీటింగ్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

యశ్వంతపుర_బయో: ఆ సన్నటి పీకులను లెక్కలోకి తీసుకోకండి. విద్యుత్ ఫీల్డ్ ఎక్కువైతే పెద్ద డీఎన్ఏ గుంపులుగా చేరుతుంది. 1995లో వియోవీ బృందం సైన్స్ పత్రికలో దీన్నే చూపించింది. ముందు ఓల్టేజీ తగ్గించండి, శాంపిల్ గాఢత కూడా.

తారామణి_కెమ్: చెన్నై నుంచి. పాలిమర్ లేని బఫర్‌లో (మామూలు ఉప్పు ద్రావణంలో) పొడవుతోపాటు చార్జీ, రాపిడి రెండూ పెరుగుతాయి కాబట్టి అన్నీ ఒకే వేగంతో పోతాయి. చిక్కటి ద్రావణంలో పెద్ద డీఎన్ఏ ఫీల్డ్ వైపు సాగిపోతుంది, అప్పుడూ పొడవు తేడా తెలియదు. పలుచటి ద్రావణం సంగతి వేరు. కొంగుకు ముళ్లకంప తగులుకున్నట్టు పాలిమర్ గొలుసులు డీఎన్ఏకి చుట్టుకుని కాసేపు వెంట వస్తాయి. పొడవైనదానికి ఎక్కువ తగులుకుంటాయి, అది వెనకబడుతుంది. 1993లో బ్యారన్, సోన్, బ్లాంచ్ అనే పరిశోధకులు ఇలా 23 కిలోబేస్‌ల దాకా విడదీశారు. ఈ పని నాకు ఎంతో అందంగా అనిపిస్తుంది, జెల్ అనేదే అక్కర్లేదు కదా! కానీ మీ సైజులకు స్థిరమైన ఫీల్డ్ ఒక్కటే చాలదనుకుంటాను. ఫీల్డ్‌ను మధ్యమధ్యలో వెనక్కి తిప్పాలి. 1995లో కిమ్, మోరిస్ కేపిలరీలో మెగాబేస్ (పది లక్షల అక్షరాల) స్థాయి డీఎన్ఏను ఇలాగే నిమిషాల్లో విడదీశారు.

మల్లేశ్వరం_అక్క: టీ4 అసలు తెగకుండా ఉందో లేదో చూశావా అమ్మా? మామూలు పిపెట్ టిప్‌తో గట్టిగా పీలిస్తేనే తెగిపోతుంది. వెడల్పు టిప్ వాడు, వోర్టెక్స్ (గిరగిరా కుదిపి కలిపే యంత్రం) మీద అస్సలు పెట్టకు. కేపిలరీ లోపలి గోడకి పాలీఎక్రిలమైడ్ అనే పాలిమర్ కోటింగ్ ఉందా? లేకపోతే గోడ దగ్గర పుట్టే ద్రవ ప్రవాహమే అంతా చెడగొడుతుంది.

హెబ్బాళ_ల్యాబ్: కోటింగ్ ఉంది అక్కా. ఓల్టేజీ తగ్గించి, వెడల్పు టిప్‌తో మళ్లీ పెట్టాను. సన్నటి పీకులు పోయాయి. లాంబ్డా చక్కగా ఉంది, టీ4 మాత్రం దాని వెనకాలే వెడల్పుగా వస్తోంది. ఫీల్డ్ తిప్పడానికి ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు తిప్పాలో) ఎక్కడ మొదలుపెట్టాలి?

తారామణి_కెమ్: పొడవైన డీఎన్ఏ తిరిగి సర్దుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. కాబట్టి టీ4కి లాంబ్డా కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. ఒక్కోటి విడిగా నడిపి, ఏ ఫ్రీక్వెన్సీలో బాగా నెమ్మదిస్తుందో రాసుకోండి. తర్వాత రెండూ కలిపి పెట్టండి.