రోజూ పది నిమిషాల ప్రకృతి డైరీ: మధ్యలో ఆగిపోకుండా ఎలా?

పొగడపూలు (గుంటూరు):

రోజూ ఉదయం ఒక చిన్న బొమ్మ, పక్కన నాలుగు ముక్కల రాత, అదీ చుట్టూ కనిపించే చెట్టూ పిట్టా పురుగుల మీద. ఇది అలవాటు చేసుకోవాలని ఉంది. దొరికే సమయం ఆరున్నర ప్రాంతంలో పావుగంట. ఇల్లు బ్రాడీపేటలో రెండో అంతస్తు. బాల్కనీలోంచి కనిపించేది ఒక వేపచెట్టు, ఎదురింటి పిట్టగోడ, కరెంటు తీగలు, అంతే. బొమ్మలు హైస్కూలు సైన్సు రికార్డులో గీసినంత వరకే వచ్చు.

రోజూ అదే వేపచెట్టయితే గీయడానికి ఏముంటుంది? పుస్తకం, రంగులు ఎలాంటివి కొనాలి? మామూలు నోటుబుక్కులో రంగు వేస్తే కాగితం అలలు తేలుతోంది. ఆకులు, పూలు ఎండబెట్టి అంటిస్తే నల్లబడుతున్నాయి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

తూనీగ (విజయవాడ):

పొగడపూలు గారూ, వేపచెట్టు ఒక్కటే ఉండటం మీకు కలిసొచ్చే విషయం. ఈ అలవాటు ఎక్కువగా ఆగిపోయేది బొమ్మ రాకపోవడం వల్ల కాదండి. "ఇవాళ ఏం గీయాలి" అని వెతుక్కోవడంలోనే పావుగంటా అయిపోతుంది. గీసేది ముందే ఖాయంగా ఉంటే కూర్చోగానే చెయ్యి కదులుతుంది.

పది నిమిషాలు ఇలా పంచుకోండి. పేజీ పైన మొదట తేదీ, టైము, చోటు, ఎండా మబ్బా, గాలి ఉందా లేదా రాయండి. దీనికి ఒక్క నిమిషం. ఖాళీ పేజీ భయం ఇక్కడే సగం పోతుంది. తర్వాత రెండు నిమిషాలు పెన్ను ముట్టుకోకుండా ఒక్క రెమ్మను చూడండి. ఆ తర్వాత నాలుగు నిమిషాలు గీత. చూపు ఆకు అంచు వెంట ఎంత నెమ్మదిగా కదిలితే పెన్ను కూడా అంతే నెమ్మదిగా కదలాలి. వారానికి రెండుసార్లు కాగితం వైపు అసలు చూడకుండా గీయండి. బొమ్మ వంకరగా వస్తుంది, రానివ్వండి. తలలో ఉన్న ఆకు కాకుండా కంటి ముందున్న ఆకును గీయడం చేతికి అలాగే పట్టుబడుతుంది. మిగిలిన మూడు నిమిషాల్లో మూడు వాక్యాలు: ఏం కనిపించింది, ఏం సందేహం వచ్చింది, దేన్ని గుర్తు చేసింది.

వేపాకు సంగతే చూడండి. అందరూ రెండు పక్కలా సమానంగా ఉన్న కోలాకు గీసేస్తారు. ఒక్క ఆకు తెంపి వేలి మీద పెట్టుకుని చూస్తే, నడిమి ఈనెకు ఒక పక్క వెడల్పుగా, రెండో పక్క సన్నగా, మొత్తం కొడవలిలా వంగి ఉంటుంది. అంచున రంపం పళ్లు. తొడిమ దగ్గర రెండు పక్కలూ ఒకేచోట మొదలవవు కూడా. రెమ్మ చివర ఒంటి ఆకు చాలాసార్లు ఉండనే ఉండదు. ఇవాళ్టి పేజీకి ఇది చాలు. రేపు రెమ్మకు ఎన్ని ఆకులో లెక్కపెట్టండి, ఎల్లుండి కాండం మీద బెరడు పగుళ్లు.

కొలతకి స్కేలు వెతుక్కోవద్దు. మీ జాన, బెత్తెడు, చిటికెన వేలి గోరు ఎన్ని సెంటీమీటర్లో ఒక్కసారి కొలిచి పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకోండి. చెయ్యి ఎప్పుడూ వెంటే ఉంటుంది కదా.

ఇంకొకటి. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ అంటుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని గమనించిన అధ్యయనంలో కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక్కరోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. కాబట్టి తప్పిన రోజు పేజీని తర్వాత కూర్చుని నింపొద్దు. కంటితో చూడనిది రాసినట్టవుతుంది. తీరిక లేని రోజు తేదీ వేసి ఒక్క వాక్యం రాసి మూసేయండి. పుస్తకం, పెన్ను రాత్రే బాల్కనీ కుర్చీలో పెట్టుకోండి, కాఫీ గ్లాసుతో పాటే తెరవండి.

నీలిసిరా (విజయవాడ):

సామాన్ల గురించి నేను చెప్తాను.

సైజు ఏ5 (ఏ4 కాగితంలో సగం) దాటొద్దు. పేజీ పెద్దదైతే నింపాలన్న బరువు మీద పడుతుంది. మామూలు నోటుబుక్కు కాగితం 60, 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అంటే మందం లెక్క) ఉంటుంది. తడిసిన చోట పీచు ఉబ్బుతుంది, పక్కన పొడిగా ఉన్నచోట ఉబ్బదు, అందుకే అలలు. పెన్ను, పెన్సిలు మాత్రమే అయితే 150 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ (డ్రాయింగ్) కాగితం చాలు. పల్చగా రంగు వేయాలంటే కనీసం 200, నీళ్లు ధారాళంగా వాడాలంటే 300. ఆ 300లో పేజీలు తక్కువ, ధర ఎక్కువ. రోజువారీ పుస్తకానికి 200 చాలని నా అభిప్రాయం. ఖరీదైన పుస్తకం కొంటే పాడవుతుందేమోనని చెయ్యి ముందుకు రాదు. పేజీ నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, ఆరేదాకా తీయకుండా ఉంటే అల చాలా వరకు తగ్గుతుంది.

పెన్ను విషయంలో చాలామంది దెబ్బతింటారు. మామూలు జెల్ పెన్నుతో గీసి పైన తడి బ్రష్ పెడితే చాలా వాటిలో సిరా కరిగి బొమ్మంతా బూడిదరంగు అవుతుంది. పిగ్మెంట్ సిరా (ఆరాక నీటికి కరగనిది) ఉన్న 0.3 ఎంఎం డ్రాయింగ్ పెన్ను తీసుకోండి. అది కూడా గీసిన ఒక నిమిషం తర్వాతే రంగు. అది దొరక్కపోతే బాల్ పెన్ను నయం, నూనె సిరా కాబట్టి నీటికి అంతగా కరగదు. పెన్సిలైతే హెచ్‌బీ ఒకటి, 2బీ ఒకటి. 12 రంగుల కేక్ పెట్టె (తడి బ్రష్‌తో తీసుకునే నీటిరంగు బిళ్లలు), పిడిలో నీళ్లు నింపుకునే వాటర్ బ్రష్ ఒకటి, పాత బనీను గుడ్డ ఒకటి. ఇంతకు మించి మొదటి ఆరు నెలలు ఏమీ కొనొద్దు.

మన ఊళ్ల ఎండని లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో బ్రష్ పేజీ అడుక్కి చేరేలోపే పైన ఆరిపోయి గట్టి గీతలు పడతాయి. రంగు వేసే చోటును ముందు ఉత్త నీళ్లతో తడపండి, బొటనవేలంత ముక్క చొప్పున పూర్తి చేసుకుంటూ పోండి. ఆ నెలలో ఐదున్నర దాటగానే వెలుగు వచ్చేస్తుంది కాబట్టి ఆరు లోపే కూర్చోవడం మేలు. డిసెంబరు చివర్లో ఆరున్నరకి సూర్యుడు ఇంకా పైకి రాడు, అప్పుడు టైము కాస్త జరుపుకోండి. వానాకాలంలో కథ తిరగబడుతుంది. కాగితం తేమ పట్టి రంగు మచ్చలు మచ్చలుగా లోపలికి పీల్చేసుకుంటుంది. తడి ఆరకుండా రంగుల పెట్టె మూస్తే కేకుల మీద బూజు వస్తుంది. పెట్టె గంటసేపు తెరిచి ఉంచాకే మూయండి. మందుసీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టండి.

బందరుకాలువ (విజయవాడ):

పై ఇద్దరూ చెప్పినదానికి నాదో జోడింపు. నెలల లెక్కన కాకుండా కార్తెల లెక్కన పుస్తకాన్ని విడదీసుకోండి. ఒక్కో కార్తె 13, 14 రోజులు, ఏడాదికి 27. రెండు వారాలన్నది చెట్టులో మార్పు కంటికి ఆనే వ్యవధి. కార్తె మారిన రోజున అదే కొమ్మను, అదే కుర్చీలోంచి, అదే సైజులో గీయండి. ఏడాది తిరిగేసరికి ఒకే కొమ్మ 27 బొమ్మల్లో కనిపిస్తుంది.

వేప ఒక్కటే తీసుకున్నా ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలి రాగిరంగు చిగురు వస్తుంది. ఉగాది నాటికి పూత. జూన్, జులైలో పండ్లు, వాటి కోసం కాకులు, గోరింకలు, కోకిలలు. బయటికి వెళ్లగలిగితే ఏప్రిల్, మే నెలల్లో రేల పూలూ తురాయి పూలూ పక్కపక్కన గీయండి. రేల గుత్తి కిందికి వేలాడుతుంది, తురాయి గుత్తి కొమ్మ చివర విచ్చుకుంటుంది. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. మంచి వాన పడ్డాక ఊరి బయట తడి మట్టి మీద ముఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. కాళ్లు లెక్కపెడితే ఎనిమిది. అంటే అది కీటకం కాదు, సాలీడు వర్గానికి దగ్గరి చుట్టం. వేలు తగిలితే కాళ్లు ముడుచుకుని కాసేపు కదలదు, గీసుకోవడానికి అదే అదను.

పిట్టలు కూర్చోవు కదా అని చాలామంది వదిలేస్తారు. కదిలే పిట్టకు ఒకే పేజీలో నాలుగైదు అరకొర బొమ్మలు మొదలుపెట్టండి. వంగినప్పుడు ఒకటి, మెడ తిప్పినప్పుడు ఒకటి. మళ్లీ అదే భంగిమకు వచ్చినప్పుడు ఆ బొమ్మను కొనసాగించండి. ముందు వీపు వాలును ఒక గీతగా వేసి, తల, ఒళ్లు రెండు కోడిగుడ్ల ఆకారాలుగా పెట్టి, చివర ముక్కు, కాళ్లు. కంటితో మొదలుపెడితే తల పెద్దదై ఒంటికి పేజీ చాలదు. గుంటూరు వాళ్లకి ఉప్పలపాడు చెరువులు పక్కనే. చలికాలంలో చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గంటల తరబడి కదలకుండా ఉంటాయి. కొత్తవాళ్లకి అంతకంటే తేలికైన మోడళ్లు దొరకవు. విజయవాడ వాళ్లయితే ప్రకాశం బ్యారేజీ మీద పది గేట్ల మేర మాత్రమే తీసుకుని నీటికాకులు, కొంగలు ఎన్నో లెక్క రాయండి. మొత్తం 70 గేట్లూ లెక్కపెట్టబోతే మధ్యలో లెక్క తప్పుతుంది.

పొగడపూలు:

అందరికీ ధన్యవాదాలండీ. కార్తెల పద్ధతి చాలా నచ్చింది. ఇంకా రెండు మిగిలాయి: ఆకులు ఎండబెట్టడం, ఆకుపచ్చ రంగు. పెట్టెలోని ఆకుపచ్చ వేస్తే ప్లాస్టిక్ ఆకులా కనిపిస్తోంది.

తూనీగ:

ఆకు నల్లబడేది తేమ నెమ్మదిగా పోవడం వల్ల. మంచు ఆరాక, పదింటి ప్రాంతంలో కోయండి. పాత న్యూస్ పేపరు మడతల మధ్య ఆకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పైన ఐదారు కిలోల బరువు. కాగితాన్ని 24 గంటలకి తప్పకుండా మార్చాలి, ఆ తర్వాత రెండు రోజులకోసారి. అందరూ వదిలేసేది ఈ మొదటి మార్పునే. వారం పది రోజులు, వానాకాలంలో పదిహేను. మందార లాంటి జిగురు పూలు ఎంత చేసినా నల్లబడి కాగితానికి అతుక్కుంటాయి, వాటిని గీసుకోవడమే మంచిది. సెల్లో టేపు వాడొద్దు, కొన్నాళ్లకి పచ్చబడి జిగురు కారుతుంది. సన్నని కాగితం పట్టీ తొడిమ మీదుగా వేసి, పట్టీ రెండు చివర్లకే ఫెవికోల్ పెట్టండి. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త తెంపితే వెంటనే చేతులు కడుక్కోండి. ముఖ్యంగా జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం.

నీలిసిరా:

పెట్టెలోని ఆకుపచ్చను ఒంటరిగా వేయకండి. పసుపులో అల్ట్రామెరీన్ నీలం కొద్దికొద్దిగా కలపండి. ఆ నీలంలో ఎరుపు ఛాయ ఉంటుంది కాబట్టి పచ్చదనం కాస్త అణిగి ఆకులాగే వస్తుంది. ముదురు వేపాకుకు అందులోనే బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) బ్రష్ కొసకి అంటినంత. చిగురుకైతే బర్న్ట్ సియెన్నా ఎక్కువ, క్రిమ్సన్ (ముదురు ఎరుపు) చుక్క, నీళ్లు బాగా. కలిపిన ప్రతి రంగునూ పేజీ అంచున చిన్న గడిగా వేసి, పక్కన ఏవి కలిపారో రాసుకోండి. తడిలో ఉన్నప్పటి కంటే ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి ఆ గడి ఆరాకే ఆకుతో పోల్చి చూడండి.