డెబియన్ టీమ్ ప్యాకేజీలు: ఆర్కైవ్‌లో ఉన్న వెర్షన్ గిట్‌లో ఉండటం లేదు

మా టీమ్ చేతిలో అరవై దాకా డెబియన్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ప్యాకేజీలున్నాయి. మెయింటైనర్‌గా టీమ్ చిరునామా, అప్‌లోడర్స్‌లో ఇద్దరు ముగ్గురి పేర్లు, గిట్ అంతా డెబియన్ గిట్ సర్వర్ సల్సాలో.

ఒకరు 1.4-2ను ఆర్కైవ్‌కు (వాడేవాళ్లకు ప్యాకేజీలు అందే చోటు) పంపేసి, ఆ కమిట్లను సల్సాకు పుష్ చేయడం మర్చిపోతారు. మరొకరు గిట్‌లో కనిపించే 1.4-1 మీదే పని మొదలుపెట్టి 1.5-1 పంపుతారు. 1.4-2లోని ప్యాచ్ చడీచప్పుడు లేకుండా పోతుంది. 1.5-1 చేంజ్‌లాగ్‌లో 1.4-2 లేదు కాబట్టి, మూసిన బగ్ కొత్త వెర్షన్‌లో ఇంకా ఉన్నట్టే బగ్ ట్రాకర్ చూపిస్తుంది. నిజానికి ఉంటుంది కూడా! మాకు విషయం తెలిసేది అప్పుడే.

పోయినవాటిని, సోర్స్ ప్యాకేజీని గిట్‌లో చేర్చే జీబీపీ ఇంపోర్ట్-డీఎస్సీ కమాండ్‌తో గిట్‌లోకి తెచ్చాం. కోడ్ వస్తుంది కానీ కమిట్లన్నీ ఒకే ముద్దగా వస్తాయి, ఏ మార్పు ఎందుకో తెలియదు. సల్సా సీఐలో (తనిఖీలు వాటంతటవే నడిచే చోటు), ఆర్‌మాడిసన్ కమాండ్ చూపే ఆర్కైవ్ వెర్షన్‌ను చేంజ్‌లాగ్ మొదటి వరుసతో పోల్చే జాబ్ పెట్టాం. అది పుష్ చేస్తేనే నడుస్తుంది, ఇక్కడ జరగనిదే పుష్. ప్రతి రిపాజిటరీలో విడిగా షెడ్యూల్ పెడితే వాటిని చూసుకోవడం ఇంకో భారం. ట్యాగ్2అప్‌లోడ్‌తో గిట్ ట్యాగ్ నుంచే అప్‌లోడ్ జరుగుతుంది, అసలైన మందు అదే. కానీ అందరూ డీపుట్ (నేరుగా ఆర్కైవ్‌కు పంపే కమాండ్) మానేదాకా ఈ రంధ్రం పూడదు.

గిట్‌ను ఆర్కైవ్‌తో పోల్చి చూసే డెబియన్ సేవ వీసీఎస్‌వాచ్, ఇలాంటి ప్యాకేజీలను 'ఓల్డ్' (గిట్ వెనకబడింది) అని సరిగ్గానే పట్టుకుంటుంది, కానీ ఎవరో ఒకరు వెళ్లి చూడాలి.

టీమ్ ప్యాకేజీల్లో ఏదైనా 'ఓల్డ్'లోకి జారిన రోజే టీమ్ మొత్తానికి ఒకే మెయిల్ వెళ్లేలా మీలో ఎవరైనా ఏర్పాటు చేసుకున్నారా, చేసుంటే ఎలా?