తొమ్మిది వారాల పోలిష్ కోడిపిల్లల్లో పుంజు ఏది, పెట్ట ఏది?

నా దగ్గర ఐదు పోలిష్ పిల్లలున్నాయి, అవే, నెత్తి మీద పెద్ద ఈకల కుచ్చు ఉండే రకం. గుడ్డులోంచి వచ్చిన రోజే నెత్తి మీద చిన్న బుడిపె కనిపించింది, ఇప్పుడు దాని చుట్టూ కుచ్చు బాగా పెరిగింది.

పెట్టకు కుచ్చు బంతిలా గుండ్రంగా, పుంజుకు సన్నటి మొనదేలిన ఈకలతో చెదిరినట్టు వెనక్కి వాలి ఉంటుందని తెలుసు. మూడింటికి చక్కగా గుండ్రంగానే ఉంది. ఒకదానికి ముందు నుంచి గుండ్రంగా కనిపిస్తుంది కానీ, చేత్తో విడదీసి చూస్తే మధ్యలో రెండు మూడు సన్నటి పొడుగు ఈకలు తగులుతున్నాయి. నా టెన్షన్ అంతా దీని గురించే. మామూలు కోళ్లలా నెత్తి మీది ఎర్రటి కండ జుట్టు చూసి చెబుదామంటే, వీటికి ముక్కు పైన రెండు చిన్న కొమ్ముల్లా ఉండేదే జుట్టు, అదీ ఈకల్లో దాగిపోయింది. నడుం మీద మొనదేలిన ఈకలు వచ్చేదాకా ఆగాల్సిందేనా, లేక ఇప్పుడే తెలిసే గుర్తు ఇంకేదైనా ఉందా?

ఇంకొకటి. ఐదో పిల్ల కుచ్చును మిగతావి పొడిచి పీకుతున్నాయి, నిన్న రక్తం కూడా వచ్చింది. వెంటనే వేరు చేశాను. పాపం, కళ్లకు ఈకలు అడ్డం పడి పక్కన ఎవరొచ్చినా ఉలిక్కిపడుతోంది. కళ్ల ముందు ఈకలు కాస్త కత్తిరించవచ్చా? కొత్తగా మొలిచే ఈకల్లో రక్తం ఉంటుంది కదా, ఎంతవరకు కత్తిరించాలో పెంచినవాళ్లు చెప్పండి. గాయం మానాక మళ్లీ వాటిలో ఎలా కలపాలి?