అపార్ట్‌మెంట్ అసోసియేషన్: బైలాస్‌లో మెయింటెనెన్స్ లెక్క, లిఫ్ట్ గుంటలో నీరు

భీమవరంలో మాది 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2001 సొసైటీల చట్టం కింద అసోసియేషన్ రిజిస్టర్ చేయిస్తున్నాం. 7గురు సభ్యులు చాలు గానీ, రేపు పేచీ రాకుండా ఓనర్లందరి సంతకాలూ తీసుకుంటున్నాం. వాచ్‌మన్ జీతం, కామన్ కరెంటు ఫ్లాటుకింత అని సమానంగా వేసి, రంగులు, పెద్ద రిపేర్లు చదరపు అడుగుల లెక్కన పంచడమే న్యాయం అనిపిస్తోంది. బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమావళిలో, ఇలా రాసుకున్నవాళ్లు ఆ క్లాజు ఎలా పెట్టారండీ?

అసలు బెంగ లిఫ్ట్ గుంట. మా వైపు నేలలో నీరు పైపైనే ఉంటుంది, పైగా ఉప్పు. వానాకాలం గుంట గోడల అతుకుల్లోంచి ఊరి, బఫర్ స్ప్రింగుల (లిఫ్ట్ కిందికి జారితే దెబ్బ ఆపేవి) అడుగు పెచ్చులుగా తుప్పు లేస్తోంది. మోటారుతో తోడితే తెల్లారేసరికి మళ్లీ ఊరుతోంది, వాటర్‌ప్రూఫింగ్ లోపమే. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) సెక్షన్ 14(3) ప్రకారం స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మాది రెరా ప్రాజెక్టే, గడువూ ఉంది. నోటీసు అసోసియేషన్ పేరిట ఇస్తే చాలా, ఓనర్లు విడిగానూ ఇవ్వాలా? శాంక్షన్ ప్లాన్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లిఫ్ట్ వారంటీ కాక బిల్డరు దగ్గర ఇంకేం కాగితాలు తీసుకోవాలో దయచేసి చెప్పండి.