అప్‌డేట్: మిద్దె మీది 12 కిలోల టమాటాలు ఏమయ్యాయంటే

మిద్దె తోటలో ఒక్కసారే 12 కిలోల టమాటాలు పండాయి, ఏం చేయాలని పోయిన వారం అడిగాను కదా. సలహాలు చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.

సగం నిల్వ పచ్చడికే పెట్టాను. ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఊరబెట్టి, రసం పిండేసి ఎండలో ఆరేశాను. ఆ ఊటలోనే చింతపండు నానేశాను. మన హైదరాబాద్ మార్చి ఎండకి రెండు రోజుల్లోనే ముక్కల అంచులు ముడుచుకుపోయాయి. రుబ్బి, కారం, మెంతిపిండి, ఇంగువ పోపు వేశాక ఇల్లంతా మా అమ్మమ్మ వంటింటి వాసనే!

మెత్తబడ్డవి ఉడికించి, గుజ్జు తీసి ఐస్ ట్రేల్లో గడ్డకట్టించాను. చారుకి రెండు ముక్కలు చాలు. పచ్చికాయలు పప్పులోకి వెళ్లాయి.

మిగిలినవి పైవాటా ఆంటీకి ఇస్తే, ఉడికించిన గుడ్లు వేసి గిన్నెడు టమాటా కట్ (హైదరాబాదీ టమాటా గ్రేవీ కూర) వండి పంపారు. ఇంకా వేడిగా ఉంది, అన్నం పెట్టుకుంటున్నాను.